దాతకు వేదిక, బాధితుడికి మౌనమా?



సేవ, ఆత్మగౌరవం అనే అంశంపై మాట్లాడమన్నారు. ఆఫ్రికా అనుభవంతో ప్రారంభిస్తాను.

1984లో ఇథియోపియా కరువు దృశ్యాలు బ్రిటన్ టెలివిజన్‌లో ప్రసారమయ్యాయి. గాయకుడు బాబ్ గెల్డాఫ్ పూనికతో 1985 జూలై 13న లండన్, ఫిలడెల్ఫియాలలో ‘లైవ్ ఎయిడ్’ కచేరీలు జరిగాయి. కోట్ల డాలర్ల విరాళాలు వచ్చాయి. ఆకలిగొన్నవారికి అన్నం అందింది. దానిని తక్కువ చేయరాదు. అయితే అంతర్యుద్ధమూ, ఆనాటి సైనిక ప్రభుత్వ విధానాలూ కరువును తీవ్రతరం చేశాయన్న సంగతి మరుగునపడింది. ఎముకల గూడైన బిడ్డ చిత్రమే ఆఫ్రికాగా ప్రపంచం మనసులో నిలిచిపోయింది.

ఇరవై ఏళ్లకు, 2005 జూలై 2న ‘లైవ్ 8’ జరిగింది. ఈసారి కోరింది విరాళం కాదు, న్యాయం. పేద దేశాల అప్పుల రద్దు అందులో ముఖ్యమైన కోరిక. అంతకు కొద్ది వారాల ముందే 18 దేశాల అప్పులను సుమారు 4,000 కోట్ల డాలర్ల మేర రద్దు చేయడానికి జి-8 ఆర్థిక మంత్రులు అంగీకరించారు. కానీ లండన్ హైడ్ పార్కు వేదికపై ఆఫ్రికా కళాకారులు దాదాపుగా లేరు. విమర్శలు రాగా, దూరాన కార్న్‌వాల్‌లో వారికి వేరే వేదిక వేశారు. సభ ఆఫ్రికా కోసం. ఆఫ్రికా మాత్రం ఊరి బయట!

ఆనాడు హైడ్ పార్కులోనూ పాడిన సెనెగల్ ముస్లిం గాయకుడు యూసూ ఎన్‌డూర్. సూఫీ గురువులను కీర్తించిన ఆయన ‘ఈజిప్ట్’ ఆల్బమ్‌కు అదే ఏడాది గ్రామీ పురస్కారం లభించింది. మాతృభాష వోలోఫ్‌ను విడువలేదు, విశ్వాసాన్ని దాచలేదు. విశ్వమానవుడు కావడానికి అవేవీ అడ్డురాలేదు. 2008లో ఆయన ‘బిరీమా’ అనే చిన్న రుణాల సంస్థను ప్రారంభించారు. దాని ప్రచారానికి అండగా నిలిచింది ఇటలీ దుస్తుల కంపెనీయే. అయినా ఆ చిత్రాలలో కనిపించింది చేయి చాచిన దీనులు కాదు, తమ పనిముట్లతో నిలబడిన శ్రామికులు.

మరి మన సంగతి? రంజాన్‌లో రేషన్ సంచి అందిస్తూ వితంతువు ముఖాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాం. గుప్తదానమే మేలని ఖురాన్ బోధిస్తుంది కదా! మన గురించి జరిగే సభలో మనకు మైకు ఇవ్వలేదని నొచ్చుకుంటాం. మన జకాత్ కమిటీలో పేద స్త్రీకి కుర్చీ వేశామా?

గుమస్తాగా ‘లబ్ధిదారు’ అనే మాటను వేలసార్లు రాశాను. ఆ మనిషికి ఏం కావాలో అడిగింది తక్కువ. ఆ లోపం మీరు చేయకండి. ఫోటోలు మానండి, సాయం పొందేవారికి నిర్ణయంలో భాగమివ్వండి. హక్కులు కోరే సమాజం ముందుగా తన ఇంట్లో ఆ హక్కును ఇవ్వాలి.