బాబిన్ వంగకుండా గిటారు పికప్ చుట్టే విధానం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ‘విశ్రాంత జీవితం - వ్యాపకాలు’ అనే అంశంపై ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



గుమాస్తాగా ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు కట్టినవాడికి గిటారుతో పనేమిటని మీలో కొందరు ఇప్పటికే నవ్వుకుంటున్నారు. నాకు గిటారు వాయించడం రాదు. మా తమ్ముడు వాయించేవాడు. పెళ్ళిళ్ళలో పాటకచేరీలకు వెళ్ళేవాడు. అతను కాలం చేశాక ఆ ఎలక్ట్రిక్ గిటారు అటక మీదే ఉండిపోయింది. మా మనుమరాలు దాన్ని దింపి నేర్చుకుంటానంది. తీరా చూస్తే అందులో పికప్ మూగబోయింది. ఒక దుకాణంలో ఇచ్చి చుట్టిస్తే బాబిన్ దోనెలాగా వంగి వచ్చింది, మూత కూడా పట్టలేదు. కొత్తది కొనుక్కోవచ్చు, కాదనను. కాని తమ్ముడి చేతికింద పలికిన అయస్కాంతాలు అవి. వాటినే మళ్ళీ పలికించాలని నా పట్టుదల.

ముందు పికప్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. ఆరు తీగల కింద ఆరు అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ సన్నని ఎనామెల్ రాగితీగ. పైన ఉక్కుతీగ కంపిస్తే కింది చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. కడ్డీలకు పైన ఒకటి, కింద ఒకటి ఫైబరు పలకలు ఉంటాయి. మోటారు వైండింగు షాపుల్లో లెదరాయిడ్ పేపరు అంటారే, ఆ జాతిదే ఈ ఫైబరు. ఈ మొత్తం చట్రమే బాబిన్. 1954లో అమెరికాలో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారులో ఉన్నది ఈ రకమే.

తీగ మందం 0.063 మిల్లీమీటరు, అంటే మన తలవెంట్రుకంత. చుట్లు సుమారు 8,000. విప్పి పరిస్తే కిలోమీటరు దాటుతుంది. ఇక్కడొక హెచ్చరిక. అమెరికా వారి 42వ గేజి తీగ ఇది. మన షాపులో ఉత్తగా 42 అని అడిగితే బ్రిటిష్ గేజి తీగ ఇస్తారు. దాని మందం 0.1 మిల్లీమీటరు, బాబిన్‌లో సగం చుట్లు కూడా పట్టవు. బ్రిటిష్ లెక్కలో మనకు కావలసింది 46కు దగ్గర. మిల్లీమీటర్లలో అడగడమే క్షేమం.

ఇంత సన్నని తీగ బాబిన్‌ను ఎలా వంచుతుంది? మనకు తెలిసిన లెక్కే. ఒక్కో చుట్టుకు 25 గ్రాముల బిగువు అనుకోండి. 8,000 చుట్లకు కాగితం మీద 200 కిలోలు. లోపలి చుట్లు కొంత సడలుతాయి గనుక నిజంగా అంత పడదు, కాని ఒత్తిడి ఒత్తిడే. పై చుట్లు కింది చుట్లను నొక్కుతాయి. అవి తప్పుకోవడానికి దారిలేక పలకలను రెండువైపులకూ నెడతాయి. సంచిలో పత్తి కూరినకొద్దీ పక్కలు ఉబ్బవూ? అదే ఇక్కడా జరిగేది.

దీనికి నేను పాటించిన జాగ్రత్తలు చెబుతాను.

మొదటిది పలక. ఫైబరు తేమను పీల్చి ఉబ్బుతుంది. వానాకాలంలో మరీను. కోసిన పలకలను రెండు చదునైన చెక్కల నడుమ బరువు పెట్టి బాగా ఆరనివ్వాలి. లక్క వార్నిషు పూస్తే రెండువైపులా పూయాలి. ఒకవైపే పూస్తే రెండోవైపు తేమ పట్టి, చుట్టకముందే వంగుతుంది.

రెండవది కడ్డీలు. ఇవి పెళుసు. సుత్తితో కొట్టకూడదు. చిన్న వైసులో పెట్టి కొద్దికొద్దిగా నిటారుగా దించాలి. రంధ్రం మరీ బిగుతైతే పలక అక్కడే వంగుతుంది. ఆపైన కడ్డీల చుట్టూ ఒక వరస టేపు వేస్తే తీగకు రాపిడి ఉండదు.

మూడవది ఆసరా. నా దృష్టిలో ఇదే ముఖ్యం. పలకలకు బయటివైపున రెండు గట్టి చెక్క బిళ్ళలు ఆనించి, కడ్డీల కొనలు దిగేందుకు గుంటలు తవ్వి, బోల్టుతో బిగించాలి. ఫైలుకు అట్టలెందుకు పెట్టేవాళ్ళం? టేపు బిగించినప్పుడు లోపలి కాగితాలు ముడుచుకోకుండా. ఇదీ అంతే. బోలుగా ఉండే ప్లాస్టిక్ బాబిన్ అయితే మధ్య ఖాళీలో సరిపడే చెక్కముక్క దూర్చి చుట్టాలి. లేకపోతే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి.

నాలుగవది బిగువు. బాబిన్ గుండ్రం కాదు, పొడవాటిది. ఒక్కో తిరుగుడుకు తీగను రెండుసార్లు గుంజుతుంది. అందుకే నెమ్మదిగా తిప్పాలి. రెండు వేళ్ళ మధ్య మెత్తని ఉన్నిముక్క పెట్టి, అందులోంచి తీగను పోనివ్వాలి. తీగ జారాలే గాని సాగకూడదు. సాగితే సన్నబడి, చుట్లు అన్నే ఉన్నా మల్టీమీటరులో ఓములు ఎక్కువ చూపిస్తుంది. ఈ రకం చుట్టకు 6,000 ఓములకు అటూఇటూగా రావాలి.

అయిదవది వరస. తీగను అంచుల దగ్గర గుట్టపడనివ్వకూడదు. ఆ గుట్ట జారి పలక పక్కన చీలలాగా దిగుతుంది. ప్రతి 1,000 చుట్లకూ ఆగి, పలకల మధ్య ఎడాన్ని నడుమనా రెండు కొనలనా కాలిపరుతో కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. అంకె పెరుగుతోందంటే చేయి వదులు చేయాలన్నమాట. రిజిస్టరు నింపడం మనకు కొత్తా!

చివరిది మైనం. చుట్లు కదిలి కీచుమనకుండా నాలుగు పాళ్ళు పారఫిన్, ఒక పాలు తేనెమైనం కలిపి అందులో ముంచుతారు. నీళ్ళగిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే అంటుకునే ప్రమాదం. థర్మామీటరు 65 డిగ్రీల దగ్గర ఉంచాలి. వేడి ముదిరితే ప్లాస్టిక్ బాబిన్ మెత్తబడి, బిగిసి ఉన్న తీగకు లొంగిపోతుంది. తీశాక చెక్కల మధ్యనే చల్లారనివ్వాలి.

శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళతో, మంచి దీపం కింద, నాకు మూడు సాయంత్రాలు పట్టింది. కాలిపరు అంకెలు మొదట ఎంతో చివరా అంతే. మనుమరాలు శ్రుతి చేసి మొదటి తీగ మీటినప్పుడు ఇంట్లో ఎవరం మాట్లాడలేదు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఫెండర్ కంపెనీలో అబిగైల్ ఇబార్రా అనే ఆవిడ 1956లో చేరి 2013లో పదవీ విరమణ చేశారు. చేత్తో పికప్‌లు చుట్టడంలో ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నారు. కండబలంతో సాధించేది కాదది, వేళ్ళకు అలవడిన నిదానం. ఆ నిదానం మన వయసువాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంట్లో పాడైన వస్తువేదైనా ఉంటే పారేయబోయే ముందు ఒకసారి దగ్గర పెట్టుకుని చూడండి. ఈ పని మీద ఆసక్తి గలవారు మా ఇంటికి రండి. చెక్కబిళ్ళలు, ఉన్నిముక్క సిద్ధంగా ఉంటాయి.