బెండకాయ లేతదా, ముదురుదా?



సంతలో ఒక గంప బెండకాయలు ఇట్టే అమ్ముడుపోతాయి. పక్క గంపను ఎవరూ ముట్టరు. ఎందుకని?

మొదటిది రకం. పూసా సవాని పాత రకం. దానికి పల్లాకు తెగులు తొందరగా వస్తుంది. ఆకుల ఈనెలు పసుపు రంగుకు తిరుగుతాయి. కాయలు పాలిపోయి గిడసబారతాయి. ఈ తెగులును మోసేది తెల్లదోమ. అర్క అనామిక, పర్భని క్రాంతి రకాలు తెగులును కొంత తట్టుకుంటాయి.

రెండోది కోత. పువ్వు పూసిన 5, 6 రోజులకు కాయ లేతగా ఉంటుంది. ఆ పైన పీచు పడుతుంది. గింజ గట్టిపడుతుంది. కాయ పెరిగితే తూకం వస్తుందని కొందరు ఆగుతారు. కానీ పది ముదురు కాయలు కలిస్తే గంపంతా చవకే. పైగా చెట్టున ముదురు కాయలుంటే కొత్త కాపు తగ్గుతుంది. అందుకే రోజు విడిచి రోజు కోయాలి.

మరి ఎంత పొడవుకు కోయాలి? అది రకాన్ని బట్టి ఉంటుంది. కొన్ని పొడుగైనా లేతగానే ఉంటాయి. కొన్ని పొట్టిగా ఉండగానే ముదురుతాయి. కొన విరిచి చూడండి. పుటుక్కున విరిగితే లేత. వంగితే ముదురు.

విత్తనం కోసం తెగులు లేని మొక్కలు రెండు మూడు విడిగా వదలండి. హైబ్రిడ్ గింజలు మాత్రం దాచొద్దు. మళ్లీ వేస్తే అదే కాయ రాదు.