ఘాట్ రోడ్డు మీద చిన్న కారు

కారు మీద మోజు కొన్న కొత్తలోనే అంటారు. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్ రోడ్డు ఆ మాట ఒప్పుకోదు. ఇక్కడ వేగానికి చోటు లేదు. మలుపు మలుపుకీ స్టీరింగు చెప్పినట్టు వినాలి, రెండో గేరు నుంచి మూడుకి మారినా ఇంజను నీరసపడకూడదు. 2005లో మన దేశంలోకి వచ్చిన మారుతి స్విఫ్ట్ అలాంటి బండే: 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను, సుమారు వెయ్యి కిలోల బరువు. బరువు తక్కువ కనక మలుపులో తూలదు, దిగేటప్పుడు బ్రేకులకూ శ్రమ తగ్గుతుంది. ఖరీదైన కారు బలంలో సగం కూడా ఈ దారిలో వాడలేం. చిన్న కారులో ఉన్నదంతా వాడుకుంటాం. ఏళ్లు గడిచినా విసుగు పుట్టనిది అందుకే.

ఈ చిన్న కారు నేలకు మరీ దగ్గరగా ఉంటుంది, కొండమీది గూడేలకు పనికిరాదంటారు. నిజమే, రాళ్లు తేలిన మట్టిదారికి జీపే సరి. కానీ ఎప్పుడో ఒకసారి పడే ఆ దారి కోసం ఏడాది పొడవునా అదనపు బరువు, అదనపు పెట్రోలు మోయడం దండగ. భద్రత మాట మాత్రం కొట్టిపారేయలేం: పాత మోడళ్లలో చౌక రకాలకు ఎయిర్‌బ్యాగులు ఉండేవి కావు, చూసుకుని కొనాలి. ఇక ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదలకండి. ఎక్కిన గేరులోనే దిగండి.