మన పక్కనే ఉన్న కోయిల్‌కొండ
(కోస్గిలో జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెలవులు రాగానే మన కుటుంబాలు హైదరాబాదు వెళ్లి చార్మినార్ చూస్తాయి, గోల్కొండ ఎక్కుతాయి. లేదా గుల్బర్గా వెళ్లి బందానవాజ్ దర్గాలో ఫాతిహా చదివి వస్తాయి. మంచిదే. కాని ఆ గోల్కొండను ముప్పై ఏళ్లు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాకు సింహాసనపు దారిలో అండగా నిలిచిన కోట మన పక్కనే ఉన్నదని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? కోస్గి నుండి తెల్లవారగానే బయలుదేరితే కోయిల్‌కొండ చూసి పొద్దుగూకక ముందే ఇల్లు చేరవచ్చు.

ఇబ్రహీం తన అన్న జంషీద్‌కు వెరచి విజయనగరం చేరి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు. 1550లో జంషీద్ మరణించగా తిరిగి వస్తున్నప్పుడు కోయిల్‌కొండలోని నాయక్వాడీలు ఆయన పక్షాన నిలిచారు. నాయక్వాడీలు అంటే కోటలకు కాపుండే తెలుగు సైనికులు. వారు తమ విధేయతను ప్రమాణపూర్వకంగా రాతిమీద చెక్కించారు. ఆ శాసన భాష పారసీకం కాదు, తెలుగు. ఈ ఒక్క విషయాన్ని మీరు ఇంటికి తీసుకుపోతే చాలునని మా ఆశ.

ఇబ్రహీం గద్దెనెక్కిన తరువాత కూడా తెలుగును మరువలేదు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నికంటి తెలగన ‘యయాతి చరిత్ర’ను అంకితం చేశాడు. అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం అదే.

కొన్నేళ్ల క్రితం మేము పదిమంది పిల్లలను వెంటబెట్టుకుని ఆ కోట ఎక్కాము. మెట్ల మీద ఆయాసపడుతూ ఒక బాలుడు అడిగాడు: “తాతా, ఈ కోట మనదా, వాళ్లదా?” ఉద్యోగంలో ఎన్నో దస్త్రాలకు జవాబులు రాసిన మాకు ఆ క్షణాన జవాబు తోచలేదు. పిల్లవాడికి ఆ ప్రశ్న ఎవరు నేర్పారు? దిగి వచ్చేటప్పుడు శాసనం సంగతి చెప్పాము. వాడు కాసేపు ఆలోచించి, “అయితే వాళ్లూ మనవాళ్లేనా?” అన్నాడు. మేము తలూపాము.

కోట ఎక్కడం సులువు కాదు. ద్వారం తరువాత ద్వారం దాటుతూ పోవాలి. పైన శిథిలమైన మహలు, మసీదు ఉన్నాయి. నీడ తక్కువ, కనుక ఎండాకాలం వద్దు. వానలు వెనుకబట్టాక వెళ్లండి, నీళ్లు మోసుకెళ్లండి. గోడలమీద బొగ్గుతో పేర్లు రాసేవారిలో మన పిల్లలూ ఉన్నారని చెప్పడానికి సిగ్గుపడుతున్నాము.

ఓపిక ఉన్నవారు అటునుంచి అటే మహబూబ్‌నగర్ చేరి పిల్లలమర్రి చూడవచ్చు. సుమారు మూడెకరాలు పరచుకున్న ఆ మర్రి నీడన ఒక దర్గా ఉంది. 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకు మనిషికి ఎక్కించినట్లు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. ఆ పక్కనే శ్రీశైలం ముంపు నుండి తరలించి తిరిగి కట్టిన రాజరాజేశ్వరాలయం ఉంది. అలంపురంలోనూ నవబ్రహ్మ ఆలయాల సమీపంలో షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్నది. దాని గురించి మరోసారి చెప్పుకుందాం.

ఇప్పుడు పాత గుమాస్తాగా ఒక మాట. పెద్ద కోటలకు పుస్తకాలున్నాయి. మన పల్లెల్లోని చిన్న ఆషూర్‌ఖానాకు, అలావా గుంటకు, ఖబరస్తాన్‌కు ఏమున్నది? పీర్ల పండుగనాడు ఊరంతా కలిసి పీర్లెత్తడమే వాటికి సాక్ష్యం. 2025 వక్ఫ్ సవరణ చట్టం ‘వాడుక ద్వారా వక్ఫ్’ అనే మాటను ఇకముందుకు తొలగించింది. అంతకుముందే నమోదైనవాటిని, వివాదంలో గాని ప్రభుత్వ భూమిగా గాని ఉన్నవి తప్ప, కొనసాగనిచ్చింది. చట్టం మీద పోరాటం కోర్టులో సాగుతున్నది, సాగనివ్వండి. మన చేతిలోని పని మనం చేయాలి. మీ ఊరి స్థలానికి సర్వే నంబరెంత? సేత్వార్‌లో ఏమి రాసి ఉంది? 1954-55 ఖాస్రా పహాణీలో అది ఎవరి పేరున ఉంది? వక్ఫ్ గెజిట్‌లో ఎక్కిందా? మా ఉద్యోగకాలంలో ఒక పల్లెవారు ఖబరస్తాన్ కాగితం కోసం మా దగ్గరకు వచ్చారు. పక్కన ఇళ్లు లేచిన తరువాత వచ్చారు. పదేళ్ల ముందు వచ్చి ఉంటే ఒక్క నకలుతో తేలిపోయేది.

కనుక విహారానికి వెళ్లేటప్పుడు ఫోనుతో పాటు ఒక నోటుపుస్తకం కూడా ఉంచుకోండి. దారిలో కనిపించిన ప్రతి దర్గా, ప్రతి ఆషూర్‌ఖానా పేరు, ఊరు, కొలత రాయండి. అక్కడి ముసలివారిని, ముఖ్యంగా పీర్లెత్తే హిందూ సోదరులను, అడిగి తెలుసుకోండి. వారికి గుర్తున్నంత మనకు గుర్తులేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం మేము మళ్లీ కోయిల్‌కొండ వెళ్తున్నాము. ఉదయం ఆరు గంటలకు కోస్గి బస్టాండులో ఉంటాము. ఆడపిల్లలను ఇంట్లో వదిలి రాకండి.