మన పొలం లెక్క మన చేతిలో ఉండాలి

(జహీరాబాద్ సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్‌లో స్టార్టప్ కంపెనీల కోసం 2015లో టీ-హబ్ మొదలైంది. ఇప్పుడు ఆ కంపెనీల చూపు మన పొలాల మీద పడింది. 2023 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ‘ఆడెక్స్’ తెచ్చాయి. వ్యవసాయ సమాచారాన్ని ఒకచోట చేర్చి, యాప్‌లు, సలహాలు, రుణ పథకాలు తయారుచేసేవారికి అందించే ఏర్పాటు అది.

టెక్నాలజీ వద్దని మనం అనడం లేదు. ఖమ్మం జిల్లాలో ‘సాగు బాగు’ కింద 7,000 మంది మిర్చి రైతులకు ఫోన్‌లో సలహాలిచ్చారు, మట్టి పరీక్షలు చేశారు. దిగుబడి 21 శాతం పెరిగిందని నిర్వాహకులు ప్రకటించారు. మేలు జరిగితే సంతోషమే. మన మాచ్‌నూర్‌లో 2008 నుంచే దళిత మహిళలు సంఘం రేడియో నడిపారు. యంత్రమంటే మనకు భయం లేదు.

మనం అడిగేది ఒక్కటే: పొలం సమాచారం ఎవరిది? సర్వే నంబరు, వేసిన పంట, కొన్న ఎరువు, తెచ్చిన అప్పు, ఇవన్నీ ఒకచోట చేరితే మన అవసరం ఎంతో అవతలివాడికి తెలిసిపోతుంది. ఏ ఊళ్లో ఎంత అల్లం తవ్వుతున్నారో ముందే తెలిసిన వ్యాపారి ధర ఎలా కడతాడో మీకు చెప్పనక్కర్లేదు. అదే లెక్క మన దగ్గరుంటే, నాలుగు ఊళ్లు కూడబలుక్కుని అమ్ముకోవచ్చు.

విత్తనం విషయంలో ఏం జరిగిందో చూశాం. ఇంట్లో ఉన్నది దుకాణానికి పోయింది. పస్తాపూర్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు మాత్రం జొన్న, కొర్ర, సామ, కంది విత్తనాలు దాచి, ఒకరికొకరు ఇచ్చుకుని నిలబెట్టారు. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో అందరికీ తెలుసు. సమాచారానికీ అదే పద్ధతి కావాలి.

2024 సెప్టెంబరులో కేంద్రం రూ.2,817 కోట్ల డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. రైతు గుర్తింపు సంఖ్యను భూమి రికార్డుతో ముడిపెడుతున్నారు. మరి కౌలు రైతు సంగతేంటి? భర్త పేరున పాసుపుస్తకం ఉన్న ఇంట్లో, పొద్దస్తమానం కలుపు తీసే ఆడబిడ్డ సంగతేంటి?

అందుకే మన డిమాండ్లు:

1. ఒప్పుకోలు పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. ఒప్పుకోలేదని ఏ పథకమూ ఆపకూడదు.

2. మన వివరాలు ఎవరికిచ్చారో మనకు చెప్పాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు 2023 డేటా రక్షణ చట్టంలో ఉంది. దాన్ని ఊరిదాకా తేవాలి.

3. కౌలు రైతులను, మహిళా రైతులను సాగుదారులుగా నమోదు చేయాలి.

4. యాప్ సలహా తప్పి పంట పోతే నష్టం ఎవరు భరిస్తారో ముందే రాసివ్వాలి.

ఎవరైనా ఫోన్ పట్టుకుని పొలం గట్టుకొచ్చి వివరాలడిగితే, వెంటనే వేలిముద్ర వేయకండి. పేరేంటి, ఏ కంపెనీ, ఈ వివరాలు దేనికని అడగండి. కాగితం తీసుకుని సంఘానికి రండి. కలిసి చదువుదాం, కలిసే నిర్ణయిద్దాం.