హెపటైటిస్-బి ఉన్నవారి ఆయుర్దాయం



రక్తపరీక్షలో హెపటైటిస్-బి ఉందని తేలగానే ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంకెన్నాళ్లు బతుకుతాడు డాక్టరుగారూ?" మేము మనవి చేసేదేమంటే, ఆ రిపోర్టులో ఆయుష్షు రాసి ఉండదు.

ఈ వైరస్ ఆరు నెలలు దాటినా రక్తంలో ఉంటే దీర్ఘకాలిక వ్యాధి అంటారు. పెద్దవయసులో సోకితే నూటికి దాదాపు 95 మందికి దానంతటదే పోతుంది. పురిట్లో తల్లినుండి బిడ్డకు సోకితే మాత్రం నూటికి దాదాపు 90 మందిలో నిలిచిపోతుంది. 2022లో ప్రపంచం మొత్తంమీద 25 కోట్ల 40 లక్షల మందికి ఇది ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఎక్కువమంది పనీపాటా చేసుకుంటూ అందరిలాగే బతుకుతున్నవారే.

అలాగని తేలిగ్గా తీసుకోరాదు. పట్టించుకోకుండా వదిలేస్తే కొందరికి కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వస్తుంది, కొందరికి క్యాన్సర్ వస్తుంది. ఆయుష్షును తగ్గించేవి ఆ రెండే. చాలా ఏళ్లు ఏ బాధా తెలియదు గనుక "బాగానే ఉన్నాం కదా" అని ఊరుకోవడంలోనే ప్రమాదం ఉంది.

కనుక ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోవాలి. మందు అవసరమని డాక్టరు చెబితే టెనోఫొవిర్ గానీ, ఎంటెకవిర్ గానీ రోజుకొక మాత్ర. ఇవి వైరస్‌ను పూర్తిగా తుడిచిపెట్టవు, అణచి ఉంచుతాయి. సొంతంగా ఆపేస్తే జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టవచ్చు. పసరుమందుల జోలికి, తాగుడు జోలికి పోరాదు. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఎంపికచేసిన ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితం.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. ఒకే పళ్లెంలో తిన్నా, పక్కన కూర్చున్నా ఇది అంటదు. రక్తం ద్వారా, దాంపత్యం ద్వారా, ఒకరి బ్లేడు, సూది మరొకరు వాడటం ద్వారా సోకుతుంది. అందుచేత రోగికి వేరే గ్లాసు పెట్టడం కాదు, ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించి, లేనివారికి టీకా వేయించాలి. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపే వేయించాలి. ఈ టీకాను 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసి విడుదల చేసింది.

గల్ఫ్ వైద్యపరీక్షలో ఇది బయటపడి ఆగిపోయిన కుర్రవాళ్లు మనలో ఉన్నారు. పెళ్లి సంబంధం చెడుతుందని దాచేవాళ్లూ ఉన్నారు. వారికి మేము చెప్పేది ఇదే: వీసా పోతే పోయింది, జీవితం పోలేదు. దాచకండి, డాక్టరు దగ్గరకు వెళ్లండి. వెంట వెళ్లడానికి మనమంతా ఉన్నాం.