గడ్డకట్టు చలిలో బరువులెత్తు యంత్రములు

శీతకాలపు ఉదయమున మన ఇండ్లలో కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టియుండుట అందరమును చూచినదే. సీసాను బోర్లించి ఎంత విదిలించినను నూనె రాదు. దానిని కొంతసేపు ఎండలో నుంచినచో తనంతట తానే కరగును. చలి ప్రదేశములలో క్రేనులను నడుపు మావంటివారి విద్యలో సగము ఈ సీసాలోనే యున్నది. తక్కిన సగమును గూర్చి ఈ ప్రసంగమున మనవి చేసికొందుము.

మేము కొన్ని శీతకాలములు లడఖ్ ప్రాంతమున వంతెనల పనులలో గడపితిమి. లేహ్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత సున్నాకు 15, 20 డిగ్రీలు దిగువకు పోవుట అచ్చట వింత కాదు. ద్రాస్ లోయలో చలి ఇంకను తీవ్రము. గాలి పలుచన గనుక ఇంజనునకు తగినంత ప్రాణవాయువు అందక శక్తియు తగ్గును. అట్టిచోట తెల్లవారుజామున క్రేను నొద్దకు పోయి చూడుడు. రాత్రి విడిచిన యంత్రమే నిలిచియుండును, రంగు మారదు, రూపు మారదు. కాని అది నిన్నటి యంత్రము కాదు.

ముందు డీజిలు సంగతి. అందులో కరగియున్న మైనము చలికి విడివడి, వడపోత గుడ్డకు పట్టి, ఇంజనునకు నూనె అందకుండ చేయును. అందువలననే చలిదేశములకు ప్రత్యేకమైన డీజిలును వాడుదురు. ఇంజనులోని కందెన నూనె పాకమువలె చిక్కబడి, యంత్రమును త్రిప్పుట కష్టమగును. అదే సమయమున బ్యాటరీ శక్తి సుమారు సగమునకు పడిపోవును. మోయవలసిన పని పెరిగిన దినముననే మోయువాని బలము తగ్గినట్లు! చార్జి నిండుగా నున్న బ్యాటరీ తీవ్రమైన చలినైనను చాలవరకు ఓర్చుకొనును. చార్జి తరిగినదానిలో నీటిపాలు హెచ్చి, అది గడ్డకట్టి పగులును.

బూమును లేపునది హైడ్రాలిక్ నూనె. అదియు చిక్కబడినందున, ఇంజను మొదలిడగానే బరువు నెత్తరాదు. అరగంటయో గంటయో బరువు లేకుండ త్రిప్పి, బూమును మెల్లగా లేపి దింపి, నూనె గొట్టములన్నిటిలో వెచ్చబడిన పిమ్మటనే పనికి దిగవలెను. రబ్బరు గొట్టములు చలికి బిరుసెక్కి, ఒక్కసారిగా వంచినచో బీటలు వారును. గాలి బ్రేకుల తొట్టెలలో చేరిన తేమ రాత్రి మంచుగా మారి బ్రేకును పట్టివేయును గనుక, ప్రతి సాయంకాలమును ఆ నీటిని వదలివేయుట మరువరాదు. ఉక్కు తాడునకును కప్పీలకును పట్టిన మంచును తొలగింపక త్రిప్పినచో తాడు గాడి తప్పును.

ఇవన్నియు కంటికి కనబడునవి. కనబడనిది ఒకటి కలదు. అదియే ఉక్కు గుణము మారుట. సాధారణముగా ఉక్కు మితిమీరిన బరువునకు ముందు వంగును. ఆ వంపే మనకు హెచ్చరిక. చలిలో కొన్నిరకముల ఉక్కు ఆ ఓర్పును కోల్పోయి, వంగకయే గాజువలె పగులును. 1943 జనవరి 16వ తేదీ రాత్రి అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, కదలని నీటిపై కట్టియుంచిన ‘షెనెక్టడీ’ అను క్రొత్త నూనె ఓడ పెద్ద ధ్వనితో నడిమికి విరిగినది. ఆ రాత్రి గాలి సున్నాకు మూడు డిగ్రీలు మాత్రమే దిగువ. అట్లు పగిలిన ఓడల ఉక్కును కేంబ్రిడ్జిలో పరీక్షించిన కాన్‌స్టన్స్ టిప్పర్ అను శాస్త్రజ్ఞురాలు, చలికి పెళుసుబారుటయే ఇందులకు ముఖ్యకారణమని నిరూపించినది. నేడు అతిచలికి తయారుచేయు క్రేనులకు, చలిలోను ఓర్పు చెడని ఉక్కును పరీక్షించి వాడుదురు. అయినను చలి హెచ్చినకొలది ఎత్తదగిన బరువును తగ్గించుకొనవలెను. యంత్రముతో వచ్చిన పుస్తకమున చెప్పిన హద్దు దాటినచో పనియే ఆపవలెను.

ఒకనాటి సంగతి విన్నవించెదము. వాగు ప్రక్కన ఆరు టన్నుల కాంక్రీటు దిమ్మ నొకదానిని లేపి వంతెన గోడపై పెట్టవలసియుండెను. సాయంకాలములోగా దారి తెరువవలెనని పైయధికారి తొందర. మా క్రేను నడుపువాడు శ్రీకాకుళం వైపువాడు, వయసు మళ్ళినవాడు. బరువు తెలుపు ముల్లు ఆరు దాటి, ఏడు దాటి, ఎనిమిదికి పోయెను, దిమ్మ కదలలేదు. అతడు తాడును సడలించి ఇంజనును నెమ్మదింపజేసెను. “అన్నా, సారు కేకలేస్తున్నారు, ఇంకొంచెం లాగకూడదా?” అని క్రింద నున్న కుర్రవాడు అడిగెను.

“దిమ్మని నేల వదల్లేదు తమ్ముడూ. ఇప్పుడు లాగితే ఊరినంతా లాగినట్టే. నువ్వు ముందు అవతలికి జరుగు” అని అతడు చెప్పెను.

అధికారి వచ్చి కోపించెను. అతడు మీట మీదనుండి చేయి తీసివేసి, వినయముగనే క్రిందికి దిగి నిలుచుండెను. మేము గునపములతో దిమ్మ చుట్టును మంచు త్రవ్వి, కొయ్యచీలలు దిగగొట్టి, ఎండ వచ్చువరకు ఆగితిమి. పదకొండు గంటలకు దిమ్మ చిన్న శబ్దముతో నేలను విడిచెను. అప్పుడు ముల్లు సరిగా ఆరు చూపెను. ఉదయముననే బలవంతముగా లాగినచో, మంచుపట్టు ఒక్కసారి వీడి, ఆ అదటు చలికి పెళుసెక్కిన ఉక్కుపై పడెడిది. కుర్రవాడు నిలిచియుండిన చోటు బూము క్రిందనే. దారి మరునాడు తెరువబడినది. ఆలస్యము ఒక్క దినము మాత్రమే.

మధ్యాహ్నపు ఎండలోను ఒక మోసము కలదు. ఉదయము రాయివలె నుండిన నేల పైపొర కరగి, క్రేను చాచిన ఇనుప కాళ్ళు దిగబడవచ్చును. అందుచే వెడల్పైన దుంగలు పరచి, గంటకొకసారి మట్టము చూచుకొనవలెను.

ఈ పనిలో మిక్కిలి బరువైనది కొక్కెమునకు తగిలించు దిమ్మ కాదు. “ఇప్పుడు కాదు” అను మాట. ఆ మాట చెప్పగల హక్కు మీట పట్టినవానికి ఉండవలెను. విను ఓర్పు పైవారికి ఉండవలెను. మీ ఇంటి బిడ్డ యెవడైన అట్టి చలిలో యంత్రము నడుపుచున్నచో, జాబు వ్రాయునపుడు ఉన్నిబట్టల మాటతో పాటు ఈ ఒక్క మాటయు చేర్చుడు: తొందరపడవద్దు, ఇనుమును వెచ్చబడనిమ్ము.